జమునక్క జాగ

షార్జాలో మా రాత్రి పొద్దు పొడిచినంక మొదలైతది. హోటళ్ల దుప్పట్లు, తువ్వాలలు ఉతికే లాండ్రీలో మాది నైట్ డ్యూటీ. తెల్లారంగ కంపెనీ వ్యాన్ మమ్మల్ని బిల్డింగ్ ముందర దింపి పోతది. అప్పటికే ఎండ గోడలెక్కి ఉంటది. రూంలోకి వచ్చి తలుపేసుకుంటే మాత్రం అమాస చీకటి. మాకన్నా ముందు ఉన్నోళ్లు ఎవరో కిటికీ అద్దానికి వెండిరంగు కాగితం అంటించి, దాని మీద అట్టపెట్టెల ముక్కలు పెట్టి, అంచుల పొంటి టేపు వేసిపోయిన్రు. సూది మొనంత వెలుతురు కూడా రాదు. ఏసీ గురక పెడుతుంటది. పక్క రూం మలయాళీ అమ్మాయిలు వేయించే చేపల వాసన, మా రూంలో పెద్దామె ఆపా మోకాళ్లకు రుద్దుకునే బామ్ వాసన, ఎన్నిసార్లు కడిగినా మా చేతుల్లోంచి పోని బ్లీచింగ్ వాసన. ఆ వాసనల నడుమ, ఆ చీకట్లో మేం ముగ్గురం పండుకునేది.

నాకు పై మంచం. నా కింద మంచం జమునక్కది. ఆమెది జైనూర్ దగ్గర గుట్టల్లో ఊరు. ఎదురు గోడకున్న మంచం వజీరున్నీసా ఆపాది. భైంసా నుంచి వచ్చి ఈ దేశంలోనే జుట్టు నెరిపించుకున్నది. మా రూంకు పెద్ద దిక్కు, వంటామె, జడ్జి అన్నీ ఆమెనే. నేను సృజనను. కరీంనగర్. డిగ్రీలో ఉన్నన్ని రోజులు డిబేట్ ఎక్కడ పెట్టినా కప్పు నాదే. ఆడపిల్ల గడప దాటితేనే మనిషి అని మైకు ముందర గొంతు చించుకున్నదాన్ని. దాటిన. పెండ్లి చేసుకున్న, పొసగకపోతే విడిచిపెట్టిన, మూడేండ్ల బిడ్డ జున్నును నన్ను కన్న అవ్వ దగ్గర పెట్టి విమానమెక్కిన. మా అవ్వ లస్మవ్వ మంకమ్మతోటలో కిరాయింట్లో మిషిన్ కుడుతది. కాంట్రాక్టు అయిపోంగనే ఇంటికి పోవాలె, జున్ను బడికి పోయే మొదటి దినం నేనే చెయ్యి పట్టుకొని తోలుకపోవాలె. నాకున్న కోరిక అదొక్కటే. మిగిలినయన్నీ ఎయిర్‌పోర్టులో వదిలేసి వచ్చిన.

కొత్తలో ఆ ఊరు నాకు అర్థం కాలే. బిల్డింగులన్నీ ఒక్కతీరు, అదే ఇసుక రంగు, అవే కిటికీలు, కిటికీలకు వేలాడే ఏసీ డబ్బాలు. కరీంనగర్‌లో టవర్ సర్కిల్ ఎటుందో కండ్లు మూసుకొని చెప్పేదాన్ని, ఇక్కడ సందు చివర కిరాణా దుకాణానికి పోయి తిరిగి రాలేక గోడకు ఒరిగి ఏడ్చిన. రోడ్డు దాటరాకపోయేది. దుకాణపాయన హిందీలో ఏదన్నా అడిగితే నాకు తెలుగు కూడా మతికి రాకపోయేది. మైకు ముందర పులిని, పెరుగు డబ్బా ముందర పిల్లిని. ఖుబ్బూస్ రొట్టె నమిలితే అట్టముక్క నమిలినట్టుండేది. డ్యూటీ నుంచి వచ్చి పండుకుంటే నేను ఏ దేశంలో ఉన్ననో, ఏ పూటలో ఉన్ననో తెలియకపోయేది.

నన్ను నడిపించింది జమునక్కనే. చెయ్యి పట్టుకొని రోడ్డు దాటించింది. ఏ బస్సు ఎటు పోతదో, ఏ సందు నుంచి పోతే నీడ ఉంటదో, సూపర్‌వైజర్ అరిస్తే మొఖం ఎట్ల పెట్టాల్నో అన్నీ చెప్పింది. ఒకసారి నేను తొవ్వ తప్పి ఏడుస్తుంటే నవ్వింది.

"ఊరు అజగరం లెక్క చెల్లె. దాని దిక్కు చూడకు. మెల్లగ అదే మింగుతది నిన్ను. మింగినంక ఇగ తొవ్వ ఎందుకు?"

అప్పుడు నేను కూడా నవ్విన.

జమునక్కకు పిల్లలు లేరు. ఆమె పంపిందాంతో ఊర్లో స్లాబు ఇల్లు లేసింది. ఆ ఇంట్లోకి ఆమె మొగడు గంగయ్య ఇంకో ఆడమనిషిని తెచ్చుకున్నడు. ఆ ముచ్చట ఆమె ఎవరిదో ముచ్చట చెప్పినట్టు చెప్పేది. సెలవు పెట్టి పోరాదు జమునా అని ఆపా అంటే, పోతలేనని ఎవలన్నరు, ఎవలింటికి పోవాల్నో చెప్పున్రి అనేది. అందుకే కావచ్చు, నేను జున్నుతోని వీడియో కాల్ మాట్లాడేటప్పుడు కింది మంచం మీదికెల్లి లేచి నిలబడి, జర నాకు చూపెట్టు చెల్లె అని ఫోన్ అంచు పట్టుకునేది. జున్ను ఆమెకు కింది పెద్దమ్మ అని పేరు పెట్టింది. ఫోన్ పెట్టేసినంక కూడా ఆమె చాలాసేపు నిలబడే ఉండేది. చీకట్లో ఆమె ఊపిరి నా దిండు దగ్గర వినిపిస్తుండేది.

ఎండలు ముదిరినప్పుడు ఒక దినం డ్యూటీకి లేవలే ఆమె. ఆపా లైటు వేసి భుజం తట్టింది. చెయ్యి మంచం మీదికెల్లి జారి వేలాడింది. నిద్రలోనే గుండె ఆగిందన్నరు డాక్టర్లు. కాగితాల పని ఎడతెగకుండ సాగింది, ఆఖరికి పెట్టె ఊరికి పోయింది. గల్ఫు నుంచి వచ్చే పెట్టె అంటే ఏందో మా దిక్కు ఏ ఇంట్లనైనా చెప్తరు. ఆపా గోడకు తిరిగి ఏడ్చింది. నేను ఏడ్వలే. జమునక్క మంచం మీద దుప్పటి మడత పెట్టి, ఆ మడతను మళ్లీ మళ్లీ సరిచేసుకుంట కూర్చున్న.

కొన్ని రోజులకు గంగయ్య ఫోన్ చేసిండు. ఆపాతోని మాట్లాడిండు, నేను స్పీకర్‌లో విన్న. మట్టి చేసుడు అయిపోయిందట. మూడొద్దుల నాడు పిట్టకు పెట్టిన్రట. పిట్ట ముట్టలేదట.

మా దిక్కు సచ్చినోళ్లకు ఇష్టమైనవి వండి ఆకుల పెట్టి, దూరం జరిగి నిలబడతరు. పిట్ట వచ్చి ముట్టితే ఆ మనిషి తృప్తిగ పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. అప్పుడు సొంతోళ్లు ఒక్కొక్కరు ముందుకు వచ్చి మాట ఇస్తరు. నీ బిడ్డ పెండ్లి మేం చేస్తం, నీ ముసలి తల్లిని మేం చూస్తం అని. ఏ మాటకు పిట్ట వాలితే అదే ఆ మనిషి కోరిక. ఆ మాట ఇగ తప్పరాదు. జమునక్కకు గంగయ్య ఇచ్చిన ఏ మాటకూ పిట్ట వాలలే. పొద్దుగూకేదాకా చూసి, ఆ అన్నం వాగులో కలిపి లేచి వచ్చిన్రట.

నాకు మండింది. ఆమె ఉన్నన్ని రోజులు ఒక్క ఫోన్ చెయ్యనోడు ఇప్పుడు ఏ మొఖంతోని మాట ఇచ్చిండు? ఆపాతోని వాదన పెట్టుకున్న. ఇన్నేండ్లు ఆమె తిన్న అన్నం ఇక్కడిది, ఆకలి ఇక్కడ ఉంటది, ఆడ పెడితే ఎట్ల ముడుతది, మనమే పెట్టాలె అన్న. ఆపాకు ఇష్టం లేదు. మా దాంట్ల ఇవి లేవు బేటీ అన్నది. అయినా నా దిక్కు చూసి మెల్లగ అడిగింది.

"మీ దాంట్ల సుత సొంతోళ్లే పెడ్తరు గద. నువ్వు ఆమెకు ఏమైతవ్?"

ఈ ఊర్లో ఆమెకు మనం కాక ఎవలున్నరు ఆపా అన్న. గెలిచిన. నాకు గెలుసుడు అలవాటు.

మరుసటి దినం డ్యూటీకి పోయే ముందర, ఎండ ఇంకా తగ్గలే. కిటికీ టేపు ఊడబీకిన. వెండిరంగు కాగితం ఒక మూల నుంచి చర్మం లేసినట్టు లేసింది. రూంలోకి వెలుతురు పడంగనే మేమిద్దరం మొఖాలకు చేతులు అడ్డం పెట్టుకున్నం. ఎన్నేండ్ల దుమ్ము అది, పొగ లెక్క లేసింది. అద్దం జరిపి, బయటి సిమెంటు అంచు మీద పళ్లెం పెట్టిన. అన్నం, పుంటికూర, రెండు మటన్ తునకలు. జమునక్కకు ఇష్టమని ఆపానే వండింది.

ఎదురు గోడ మీద ఏసీ డబ్బాల పొంటి పావురాలు ఎప్పుడూ గుంపులు గుంపులే. బ్రెడ్డు పొడి రాలితే చాలు, కొట్టుకుంట వస్తయి. ఆ దినం వరుసగా కూర్చొని చూసినయి. ఒక్కటి కదలలే. మేం వెనక్కి జరిగి నిలబడ్డం. గాలి లేదు. అన్నం మీది ఆవిరి ఆరిపోయింది. కింద వ్యాన్ హారన్ కొట్టింది.

నేను ముందుకు పోయి మాట ఇచ్చుడు మొదలుపెట్టిన. నీ చెవుల కమ్మలు ఊర్లో ఉన్న మీ చెల్లెకు చేరుస్తం అక్కా. కదలలే. గంగయ్యను నలుగుర్ల నిలబెట్టి అడుగుతం. కదలలే. ఏటా నీ పేరు మీద ఎవరికన్నా అన్నం పెడ్తం. ఒక పావురం రెక్క విప్పి, మళ్లీ ముడుచుకున్నది. హారన్ మళ్లీ మోగింది. వ్యాన్ పోతే ఆ రోజు జీతం పోతది, సూపర్‌వైజర్ నోరు చేస్తది. చెమట, చిరాకు, దుఃఖం అన్నీ కలిసి నా మీద పడ్డయి.

"ఇంటికి పోవాల్నని ఉన్నదా అక్కా? నా ఇల్లు ఉన్నది, పో. ఈడ నీ జాగల నేనుంట. ఇగ ముట్టు."

ఒక్క పావురం లేసి వచ్చింది. మెడ కింద ఈకలు లేవు దానికి, గులాబీరంగు తోలు కనిపిస్తున్నది. అన్నం ముట్టలే. పుంటికూర ముట్టలే. మటన్ తునకను కాలితోని నొక్కిపెట్టి, పీకి పీకి తిన్నది. పావురం మాంసం తినుడు నేను ఎప్పుడూ చూడలే. తిన్నంతసేపు ఒక కన్ను నా మీదనే పెట్టింది.

ఆపా నా వెనక నుంచి గుసగుసగా అన్నది. "ఎందుకన్నవ్ బేటీ... గా మాట."

ముట్టింది గద ఆపా, అయిపోయింది అని చెప్పులేసుకొని మెట్లు దిగి ఉరికిన.

తరువాతి రోజులు మంచిగనే ఉండె. నిజం చెప్పాలంటే ఆ ఊరికి వచ్చినంక అంత మంచిగ ఎప్పుడూ లేకుండె. తొవ్వ తప్పుడు బంద్ అయింది. రోడ్డు దాటేటప్పుడు కాళ్లు వాటంతట అవే ఆగుతున్నయి, వాటంతట అవే పోతున్నయి. నీడ ఉన్న సందులు తెలుస్తున్నయి. ఖుబ్బూస్ రుచి పట్టింది. ఒక దినం సామాన్లు తెద్దామని దుకాణానికి పోతే, నేను నోరు తెరవకముందే ఆయన మినపపప్పు, అల్లం, పాన్ డబ్బా సంచిలో వేసి ఇచ్చిండు. పైసలిచ్చి వచ్చిన. మెట్ల మీద మతికి వచ్చింది, నేను పాన్ తిననని. ఆ దినం తిన్న. సూపర్‌వైజర్ అరబీలో తిట్టిన తిట్టుకు అరబీలోనే ఏదో అన్న. నేను అన్నదేందో నాకు తెలియదు, ఆమె మాత్రం నవ్వి, ఇగ నువ్వు సెట్ అయినవ్ అని భుజం తట్టింది. కొత్త ఊరికి అలవాటు పడుడు అంటే ఇదే అనుకున్న. అందరూ అంతే కావచ్చు అనుకున్న.

ఆపా ఒక్కతే నా దిక్కు అదోలా చూసేది. పై మంచం ఎక్కి పండుకునేదాన్ని, లేచేసరికి కింది మంచం మీద ఉండేదాన్ని. దిగింది నాకు మతికి లేకపోయేది. మొదటిసారి ఆపా నవ్వుకుంట నిద్రల నడుస్తున్నవా బేటీ అన్నది. ఆ తరువాత నవ్వలే. తజ్బీ మాల తిప్పుకుంట నేను పండుకునేదాకా మేలుకొని చూసేది. ఒక దినం చెప్పింది. నువ్వు దిగుతలేవు, దిగేటప్పుడు నిచ్చెన చప్పుడు కావాలె గద, అయితలేదు. ఇంతసేపు పైన ఉంటవు, మళ్ల చూస్తే కింద ఉంటవు అని. నేను వాదించిన. ఆపాకు నిద్ర పట్టి ఉంటదని, ముసలితనమని అన్న. ఆమె చేతిలో తజ్బీ పూసలు ఆగినయి.

ఊరికి అలవాటు పడ్డకొద్ది ఇల్లు జారిపోవట్టింది. మా ఇంటి తలుపు ఏ దిక్కుకు ఉంటదో యాది చేసుకుంటే గుర్తు రాదు. మంకమ్మతోట సందు యాది చేసుకుంటే జొన్నచేను కనిపిస్తది, గుట్ట కనిపిస్తది, టేకాకుల మీద వాన చప్పుడు వినిపిస్తది. నేను జన్మలో జైనూర్ పోలే.

అవ్వతోని ఫోన్లు పొట్టిగ అయినయి. వీడియో పెట్టుమంటే ఛార్జింగ్ లేదనేది, నెట్ వస్తలేదనేది. జున్నును ఇయ్యి అంటే పండుకున్నదనేది. అవ్వ నన్ను ఎప్పుడొస్తవ్ అని అడిగే మాట ఒకటి ఉండె. ప్రతి ఫోన్లో అదే ఆఖరి మాట. అది అడుగుడు మానేసింది. మొదట్లో నేను పట్టించుకోలే. పట్టించుకున్న రోజు ఏమైందవ్వా అని అడిగిన. ఏం లేదు బిడ్డా అన్నది. ఆ బిడ్డా అనుడు నన్ను పిలిచినట్టు లేదు. దారిన పోయే ఆడపిల్లను పిలిచినట్టున్నది.

ఇగ ఆగలే. కంపెనీ ఆఫీసులో కూర్చొని, వాదించి, ఏడ్చి, ఎమర్జెన్సీ లీవు రాయించుకున్న. పాస్‌పోర్టు చేతికి ఇచ్చిన్రు. జున్నుకు బొమ్మల బూట్లు కొన్న, నడిస్తే లైట్లు వెలిగేవి. ఆపా నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఏదో చదివి ఊదింది. వెనక్కి చూడకుంట పో బేటీ అన్నది.

టాక్సీ ఎక్కిన. ఎయిర్‌పోర్టు అని చెప్పిన. ఆ మాట నా నోటితోనే చెప్పిన, నాకు బాగ గుర్తున్నది. బయట దీపాలు, ఖర్జూరపు చెట్లు. కండ్లు మూతలు పడ్డయి. కండ్లు తెరిచేసరికి డ్రైవర్ వెనక్కి తిరిగి చూస్తున్నడు. మా బిల్డింగ్ ముందర ఆపిండు. ఎయిర్‌పోర్టు గద చెప్పిన అంటే, అమ్మా నువ్వే తొవ్వ చెప్పుకుంట తెచ్చినవ్, ఇటు తిప్పు అటు తిప్పు అన్నవ్ అని హిందీలో అన్నడు. వేరే టాక్సీ పిలిచిన. ఈసారి వెనక్కి ఒరగకుండ సీట్లో మోకాళ్ల మీద నిలబడ్డట్టు కూర్చొని, చెంపలు కొట్టుకుంట, కండ్లు తెరుచుకొనే ఉన్న. ఎయిర్‌పోర్టు బోర్డు కనిపించింది. గాజు తలుపులు కనిపించినయి. లోపలికి నడిచిన. నడిచిన... నడుస్తుంటే కాళ్ల కింద నున్నటి బండలు పోయి గరుకు సిమెంటు తగిలింది. నేను మా మెట్లెక్కుతున్న. బిల్డింగ్ మెట్లు. చేతిలో పెట్టె లేదు. జున్ను బూట్లు లేవు.

తలుపు తీసిన ఆపా నన్ను చూసి పక్కకు జరిగింది.

తరువాత నాకు మళ్లీ లీవు ఇయ్యమని అడిగే ధైర్యం రాలే. అడిగినా ఏమైతదో తెలిసిపోయింది. డ్యూటీకి పోయిన, వచ్చిన. పై మంచం ఎక్కుడు కూడా మానేసిన. ఎట్లనైనా కిందనే లేస్తున్నప్పుడు ఎక్కుడెందుకు?

ఇగ ఆ దినం సంగతి.

ఆపాకు డబుల్ డ్యూటీ పడింది. రూంలో నేను ఒక్కదాన్నే. ఊడబీకిన కిటికీ మూలను ఆపా మళ్లీ అంటించి, దాని మీద ఇంకో వరుస టేపు వేసింది. బయట మిట్టమధ్యాహ్నం, లోపల ఏమీ లేదు. చెయ్యి మొఖం ముందర పెట్టుకుంటే చెయ్యి లేదు. ఏసీ ఆగిపోయింది. కరెంటు పోయిందా అంటే పక్క రూంలో ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తనే ఉన్నది. ఉక్కపోత మెల్లగ పైకి లేచింది. కిటికీ అవతల పావురాలు గోళ్లతోని సిమెంటును గీకుతున్నయి.

పై మంచం పలక కిర్రుమన్నది. ఎవరో ఒత్తిగిల్లినట్టు.

నేను కదలలే. ఊపిరి బిగబట్టిన. పైన ఊపిరి వినిపిస్తున్నది. నిదానంగ, నిద్రలో ఉన్న మనిషి ఊపిరి...

ఫోన్ వెలిగింది. అవ్వ పేరు. ఆ నీలం వెలుగులో పై పలక కనిపించింది. ఖాళీ మంచం పలక ఎట్ల ఉంటదో అట్ల లేదు. నడుమ కిందికి వంగి ఉన్నది.

ఫోన్ చెవికి పెట్టుకున్న. అవ్వా అన్న.

అవతల మిషిన్ చప్పుడు లేదు. అవ్వ కూడా నా లెక్కనే గుసగుసగా మాట్లాడింది, ఎవరికీ వినపడొద్దన్నట్టు.

"నీ పేరు జమున గదా బిడ్డా?"

"అవ్వా, నేను. సృజనను."

"అట్లనే అంటవని చెప్పింది మా సృజన."

నాకు మొదట అర్థం కాలే. అర్థమైనంక కూడా అర్థం కానట్టే ఉన్న. అవ్వ చెప్పుకుంట పోయింది. సృజన ఇంటికి వచ్చి చాన దినాలయిందట. ఒక పొద్దుగాల తలుపు కొట్టిందట, చేతిలో సంచి కూడా లేదట. చిక్కిపోయి వచ్చిందట, కానీ బిడ్డను చూడంగనే మనిషి మారిందట. జున్ను బడికి పోతున్నదట. మొదటి దినం తల్లే చెయ్యి పట్టుకొని తోలుకపోయిందట. అవ్వ అది చెప్పేటప్పుడు గొంతులో సంతోషం దాగలే. నా దిక్కు జాలి, అటు దిక్కు సంతోషం. రెండూ ఒక్క గొంతులో.

నేను ఏడ్వలే. వాదించిన. నాకు వచ్చింది అదొక్కటే. బాపు సచ్చిపోయిన నాడు వానలో మనిద్దరం దవాఖాన మెట్ల మీద ఏం తిన్నమో చెప్పిన. నా మోకాలి మీద మచ్చ ఎట్ల పడిందో చెప్పిన. నా పెండ్లి ముందురోజు నువ్వు నా చెవుల ఏమన్నవో, ఆ మాట ఇంకెవరికీ తెలియదు అవ్వా, అది కూడా చెప్పిన. అవ్వ అన్నీ విన్నది. ఆఖరుకు పెద్దగ ఊపిరి వదిలింది.

"ఒక్క రూంల పండుకున్నోళ్లు, అన్నీ చెప్పుకొని ఉంటరు బిడ్డా."

ఓడిపోయిన. నా జన్మలో మొదటిసారి.

"నువ్వు సచ్చిపోయినవు జమునా. నీకెవలు చెప్పలేదా?"

ఎంత మెత్తగ అడిగిందో. నా చిన్నప్పుడు జ్వరం వస్తే నుదుటి మీద చెయ్యి పెట్టి అడిగినట్టు. కొండగట్టుకు పోయి వచ్చినమన్నది, అంజన్న గుడిలో జున్నుకు తాయెత్తు కట్టించినమన్నది, పొల్ల నిద్రలో ఉలిక్కిపడి ఎవరితోనో మాట్లాడుతున్నదని. నీ మీద కోపం లేదు, ఆడపుట్టుక పుట్టి దిక్కులేని సావు సచ్చినవు, పాపం అనిపిస్తున్నది అన్నది.

"రేపు నీ పేరు మీద నేను పిట్టకు పెడ్త. నీకేం గావాల్నో చెప్పు. మాటిస్త."

"ఇంటికి రావాలె అవ్వా."

పైన ఊపిరి ఆగింది, అది కూడా వింటున్నట్టు.

"అదొక్కటి తప్ప అడుగు బిడ్డా."

అవతల జున్ను గొంతు. ఎవలు అమ్మమ్మా అని అడుగుతున్నది. ఎవ్వలు లేరు అన్నది అవ్వ. జున్నూ అని పిలవబోయిన, నోట్లోంచి గాలి వచ్చింది, మాట రాలే. అప్పుడు ఇంకో గొంతు. ఫోనుకు దూరంగ, బహుశా తలుపు దగ్గరి నుంచి. మైకుల్లో, రికార్డుల్లో నేను ఎన్నోసార్లు విన్న గొంతు. నా గొంతు. కోపం లేదు దాంట్లో. జాలి ఉన్నది.

"జర మెల్లగ మాట్లాడు అవ్వా... ఆమెకు ఇంకా తెలువదు."

ఫోన్ పెట్టేసిన్రు. వెలుగు ఆరింది.

నేను కింది మంచం మీద వెల్లకిల పడి ఉన్న. లేవాలె, లైటు వెయ్యాలె, ఆపాకు ఫోన్ చెయ్యాలె. చెయ్యి ఎత్తబోయిన. చూపుడువేలికి ఏదో చుట్టుకొని ఉన్నది. చీకట్లో ఇంకో చేతితోని తడిమిన. వెంట్రుక. సన్నటిది, చిన్నపిల్లలది. తడి తడిగ ఉన్నది. కుంకుడు రసం వాసన, అవ్వ జున్నుకు అప్పుడే తలకు పోసినట్టు.

విప్పుదామని కొస కోసం గుంజిన. కొస దొరకలే. గుంజినకొద్ది వస్తనే ఉన్నది. మంచం అంచు దాటి, నేల మీదికెల్లి, కిటికీ దిక్కు పోయింది. చేత్తోని తడుముకుంట, మోకాళ్ల మీద పాకుకుంట పోయిన. వెండిరంగు కాగితం చేతికి తగిలింది. ఆపా వేసిన టేపు ఎక్కడా ఊడలే. వెంట్రుక ఆ టేపు కిందికెల్లి బయటికి పోయింది.

వెంట్రుకను వదలకుండ అట్లనే కూర్చున్న.

అవతలి నుంచి ఎవరో మెల్లగ గుంజిన్రు... ఒకసారి. ఆగి, ఇంకోసారి.